విప్పితే విలువ పెరిగే బండి

1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ దగ్గర మూడు కాడిలాక్ కార్లను ఊడదీసి, భాగాలన్నీ ఒకే గుట్టగా కలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసేసి, వాటి బదులు డీలర్ దగ్గరున్న కొత్తవి వేశారు. ఆ గుట్టలోంచి చేతికి అందినవి తీసుకుంటూ, స్పానర్లు, స్క్రూడ్రైవర్లతోనే మళ్లీ మూడు కార్లు బిగించారు. మూడూ ట్రాక్ మీద 500 మైళ్లు తిరిగాయి. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఆ కంపెనీకి డ్యూవర్ ట్రోఫీ ఇచ్చింది. ఒక బండి భాగం ఇంకో బండికి పట్టాలంటే పనివాడు ఆకురాయితో రాకి సరిచేయక తప్పని రోజులవి.

పాత బండిని విప్పి అమ్ముకునే వ్యాపారం నిలబడ్డది ఈ పోలిక మీదే. భాగాలన్నీ ఒకే కొలతకు తయారైతేనే ఒక బండి చచ్చిపోయినా దాని తలుపు ఇంకో బండికి పనికొస్తుంది. అమెరికాలో ఈ బేరం జోరుగా సాగేది పికప్ ట్రక్కుల విషయంలో.

ఫ్యాక్టరీలోనే వెనక తొట్టి బిగించిన పికప్‌ను ఫోర్డ్ 1925లో 281 డాలర్లకు అమ్మింది. మోడల్ టి చాసిస్, 20 హార్స్‌పవర్ ఇంజిను. అంతకు ముందు రైతులు కారు కొనుక్కుని, వెనక భాగం తీయించి, చెక్క తొట్టి కట్టించుకునేవారు. అయితే ఇప్పటి పాత బండ్ల ప్రియులు ఎక్కువగా వెతికేది 1947 వేసవిలో షెవ్రొలే తెచ్చిన ‘అడ్వాన్స్ డిజైన్’ ట్రక్కులను. అవి 1955 ఆరంభం దాకా వచ్చాయి. గుండ్రటి బానెట్, 1953 దాకా ముందు ఐదు అడ్డపట్టీల గ్రిల్. చిన్న రకం పేరు 3100. జిఎంసి పేరుతో వచ్చిన ట్రక్కులకూ అదే క్యాబ్ కాబట్టి, పట్టే భాగాల కోసం రెండు చోట్ల వెతుక్కోవచ్చు.

ఇన్నేళ్లు ఒకే రూపమైనా అన్నీ అన్నిటికీ పట్టవు. బేరగాడి నేర్పంతా ఈ తేడాలు తెలుసుకోవడంలోనే ఉంది. 1951లో తలుపుకు ముందువైపు చిన్న గాలి కిటికీ వచ్చింది. 1952లో పిడి తిప్పే పద్ధతి పోయి, బొత్తాం నొక్కే హ్యాండిల్ వచ్చింది. 1953 దాకా ముందు అద్దం రెండు చదునైన పలకలు. అవి పగిలితే ఏ అద్దాల షాపులోనైనా కొలిచి కోసి ఇస్తారు. 1954లో వాటి స్థానంలో వంపు తిరిగిన ఒకే అద్దం వచ్చింది. దాన్ని అచ్చులో వేడిచేసి వంచాల్సిందే. అందుకే ‘తలుపు ఉందా?’ అని అడిగితే బేరగాడి నుంచి మొదట వచ్చే జవాబు ‘ఏ ఏడాదిది?’ అన్న ప్రశ్నే.

ఇంజిను దగ్గర లెక్క మారుతుంది. 1953 దాకా ఈ చిన్న ట్రక్కులకు 216 ఘనపు అంగుళాల, అంటే సుమారు మూడున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజిను వేశారు. దాని కనెక్టింగ్ రాడ్లకు ఒత్తిడితో ఆయిల్ అందదు. అడుగున పాన్‌లో చిన్న తొట్లు ఉంటాయి. రాడ్ల చివర ఉన్న గరిటెలు తిరుగుతూ ఆ తొట్లలోని ఆయిల్‌ను అందుకుంటాయి. బేరింగులు కూడా విడిగా దొరికే షెల్స్ కావు. తగరం, యాంటిమొనీ, రాగి కలిసిన బాబిట్ లోహాన్ని కరిగించి రాడ్‌లోనే పోసి, తర్వాత కొలతకు చెక్కుతారు. ఆ పని తెలిసిన వర్క్‌షాపులు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. 1954లో పికప్‌లకు ఇచ్చిన 235 ఇంజినులో బేరింగ్ షెల్స్ ఉన్నాయి, ఆయిల్ ఒత్తిడితో అందుతుంది. కాబట్టి చాలామంది పాతది దించి ఇది ఎక్కిస్తారు. ఈ రకం 235కు గిరాకీ ఉండగా, అరిగిన 216 తూకానికి పోతుంది.

వెనక ఇరుసుదీ అదే కథ. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక ఇనుప గొట్టంలో మూసి ఉంటుంది. టాప్ గేరులో చక్రం ఒకసారి తిరగడానికి ఇంజిను 4.11 సార్లు తిరగాలి. పొలం దారిలో బరువు లాగడానికి అది వరం. హైవే మీద ఇంజిను గగ్గోలు పెడుతుంది. నడుపుకోవాలనుకునే యజమాని దాన్ని తీసేసి కొత్తకాలపు ఇరుసు వేయిస్తాడు. దాంతో అసలు ఇరుసులు చవకగా దొరుకుతాయి.

కరెంటు సామాను కొనేటప్పుడు వోల్టేజి చూసుకోవాలి. ఈ బండ్లవి 6 వోల్టులు. అదే బల్బు వెలుగు కావాలంటే 12 వోల్టుల బండికన్నా రెట్టింపు కరెంటు పారాలి. ఒకే తీగలో కరెంటు రెట్టింపైతే వృథా అయ్యే వేడి నాలుగింతలు. అందుకే వీటికి లావు కేబుళ్లు కావాలి. సన్నవి వేస్తే స్టార్టర్ నీరసంగా తిరుగుతుంది.

రేకు సామానుకు ధర పెట్టేది వాతావరణం. ఉత్తరాది రాష్ట్రాల్లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి, ఇనుము ఎలక్ట్రాన్లు కోల్పోయి తుప్పుగా మారే చర్య వేగం పుంజుకుంటుంది. క్యాబ్ మూలలు, కాళ్ల కింది నేల ముందుగా తినుకుపోతాయి. అరిజోనా ఎడారిలో తేమ తక్కువ. అక్కడి క్యాబ్‌లో రబ్బరంతా ఎండి పొడైపోయినా రేకు గట్టిగా ఉంటుంది. వెనక మూలల్లో కూడా అద్దాలున్న ‘ఫైవ్ విండో’ క్యాబ్ అలాంటిది దొరికితే కొనేవాళ్లు దూరం చూడరు.

పెన్సిల్వేనియాలోని హెర్షీలో 1955 నుంచి ఏటా పాత బండ్ల సంత జరుగుతోంది. అలాంటి చోట పెయింటు మెరుపు చూసి కొంటే నష్టమే. ఇంజిను బ్లాక్ మీద పోతపోసిన నంబరు, తేదీ చదవాలి. షెవ్రొలే బ్లాకుల మీద నెలకు ఒక అక్షరం (జనవరికి ఎ), తర్వాత రోజు, చివర సంవత్సరపు ఆఖరి అంకె ఉంటాయి. ఆనాడే తయారై ఎవరూ వాడక డబ్బాలోనే ఉండిపోయిన భాగమైతే దాని రేటే వేరు. బాగుచేసిన కార్బురేటర్ కొనేవాళ్లు తమ పాతది తిరిగి ఇచ్చేదాకా కొంత సొమ్ము డిపాజిట్‌గా ఉంచాలి. బాగుచేసేవాడికి ఆ పాత ఒళ్లే ముడిసరుకు.

ఈ మధ్య మడ్‌గార్డులు, నేల రేకులు, తొట్టి పలకలు కొత్తగా తయారై వస్తున్నాయి. పలచటి రేకును ప్రెస్సులో నొక్కడం చిన్న కంపెనీలకూ సాధ్యమే. ఇంజిను బ్లాక్, గేర్‌బాక్స్ పెట్టె లాంటి పోత భాగాల సంగతి అలా కాదు: అచ్చులు, పోత, ఆ తర్వాత కచ్చితమైన చెక్కుడు, ఇంత ఖర్చుకు తగినంత మంది కొనరు. అందువల్ల ఇప్పుడు ట్రక్కు విప్పేవాళ్లు ఒక సంగతి గమనించాలి. తళతళలాడే బానెట్‌కు వెంటనే డబ్బు వస్తుంది; దాని అచ్చు మళ్లీ చేయవచ్చు. ఎవరికీ అక్కర్లేదని తూకానికి వేసే 216 బ్లాకును మాత్రం మళ్లీ ఎవరూ పోయరు. బండిని పుట్టినప్పటిలాగే ఉంచాలనుకునేవాళ్లు రేపు వెతికేది దాన్నే. షెడ్డులో చోటుంటే, పగుళ్లు లేని బ్లాకును తుక్కుకు వేయకుండా అట్టే పెట్టుకోవడం మంచిది.