మెట్లెక్కలేని అమ్మకి మేడ దూరం కావాలా?

మారేడుపల్లిలోనో, పద్మారావునగర్‌లోనో ముప్పై, నలభై ఏళ్ల కిందట కట్టుకున్న ఇళ్లు చూడండి. కింది వాటా అద్దెకి, మేడ మీద మనం. అప్పట్లో ఆ మెట్లు ఎవరికీ లెక్కలోకి రాలేదు. ఇప్పుడు అత్తగారికి మోకాళ్లు అరిగిపోయాయి. గుడికి వెళ్లడం మానేశారు. పేరంటానికి పిలుపొస్తే "నువ్వెళ్లి రామ్మా" అంటున్నారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలంటే ఇద్దరు మగవాళ్లు కుర్చీతో సహా మొయ్యాలి. 2017 నవంబరులో మొదలైన మన మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. కానీ అక్కడిదాకా వెళ్లాలంటే ముందు మన ఇంటి మెట్లు దిగాలి కదా!

ఇల్లు పగలగొట్టి లిఫ్టు పెట్టించలేని వారికి ఉన్న మార్గం స్టెయిర్ లిఫ్టు. మెట్ల పక్కన ఒక పట్టా బిగిస్తారు. దాని మీద కుర్చీ నెమ్మదిగా జరుగుతుంది. చేతికి అందేలా ఉన్న మీట నొక్కినంతసేపే కదులుతుంది, వదిలితే ఆగిపోతుంది. దారిలో చెప్పులో, బిందెో అడ్డం వచ్చినా ఆగుతుంది. మామూలు ప్లగ్గుతో ఛార్జి అయ్యే బ్యాటరీల మీద నడుస్తుంది కనుక కరెంటు పోయినా మధ్యలో చిక్కుకుపోతామనే భయం అక్కర్లేదు.

ముందు మీ మెట్లు చూసుకోండి

పట్టాని గోడకి కాదు, మెట్లకే బిగిస్తారు. అందుకని గోడ పాతదైనా బెంగ లేదు గానీ, మెట్టు మీది బండ గుల్లగా ఉందేమో తట్టి చూపించుకోండి. మెట్లు తిన్నగా ఉంటే పని పూటలో అయిపోతుంది. మధ్యలో మలుపు ఉంటే ఆ మలుపు కొలతకి పట్టా వేరుగా చేయించాలి. వారాలు పడుతుంది, ఖర్చూ బాగా పెరుగుతుంది. మన దగ్గర చాలా ఇళ్లకి మెట్లు బయటే ఉంటాయి. వాటికి ఎండావానా తట్టుకునే రకం, కప్పడానికి తొడుగు కావాలి. కుర్చీ మడిచాక మిగతావాళ్లు నడవడానికి చోటుందా, పట్టా చివర కింది గుమ్మానికి అడ్డం వస్తుందా అన్నది కొలిచి మరీ చూడండి. అద్దెకున్నవాళ్లతో మెట్లు ఉమ్మడైతే వాళ్లకీ ఓ మాట చెప్పండి.

తర్వాత కూర్చునేవారిని చూడండి

నిటారుగా కూర్చోగలరా? కుర్చీలోంచి తామే లేవగలరా? మతిమరుపు బాగా ఉన్నవారినీ, తరచూ కళ్లు తిరిగేవారినీ ఒంటరిగా కూర్చోబెట్టవద్దు. డాక్టరుని అడగండి. ఈ కుర్చీ మెట్లే ఎక్కిస్తుంది, మంచందాకా తీసుకుపోదు. పైన ఒక వాకరు, కింద ఒక వాకరు ఉంచితే ఇబ్బంది ఉండదు.

అసలు జాగ్రత్త పడాల్సింది పైమెట్టు దగ్గర. కుర్చీని నేలవైపు పూర్తిగా తిప్పి, అది బిగిసుకున్నాకే లేవాలి. బెల్టు ప్రతిసారీ పెట్టుకోవాలి. చీర కుచ్చిళ్లు, పైట చెంగు పట్టా వైపు జారకుండా ఒళ్లోకి సర్దుకోవాలి. మనవలు దాన్ని ఉయ్యాల చేసుకోకుండా తాళంచెవి తీసి దాచండి.

డబ్బు సంగతి

ఇది లక్షల్లో మాట. అందుకే కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి: మెకానిక్కు జంటనగరాల్లోనే ఉంటాడా? బ్యాటరీలు మార్చాల్సివస్తే ఎంత అవుతుంది? ఏడాదికోసారి సర్వీసుకి ఎంత తీసుకుంటారు? మీలాగే పెట్టించుకున్న ఇంటికి ఒకసారి పెద్దావిడని తీసుకెళ్లి కూర్చోబెట్టి చూపించండి.

అంత తూగలేమంటే, కింది వాటా ఖాళీ అయినప్పుడు అందులోకి మారడం మేలు. అదీ కుదరకపోతే మెట్లకి రెండువైపులా గట్టి కమ్మీలు, అంచులకి జారని పట్టీలు, పైనా కిందా స్విచ్చున్న దీపం పెట్టించండి. కాస్త ఓపిక ఉన్నవారికి ఇవే చాలు.

ఏం చేసినా పెద్దావిడని అడగకుండా చెయ్యకండి. "మీకు ఎక్కడికి వెళ్లాలనుంది అత్తయ్యా?" అని ఒక్కసారి అడగండి. "ఆ తులసికోట దగ్గర కాసేపు కూర్చోవాలమ్మా" అంటారేమో. కుర్చీ కావాలో, కింది గది కావాలో ఆ జవాబే మీకు చెబుతుంది.