పెడల్ చెప్పే మాట

సూరత్ రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్ల వద్ద గానీ, హజీరా కర్మాగారాలకు పోయే దారిలో గానీ బరువు వాహనం నడిపే డ్రైవరు ఎడమకాలికి విశ్రాంతి ఉండదు. ఆ రద్దీలో పాత ట్రక్కులకు క్లచ్ ఇబ్బందులు రావడం సహజమే. అయితే దోషమెక్కడో తెలుసుకోకముందే గేర్‌బాక్సు దింపడం ఎంత పొరపాటో మేము స్వానుభవంతో గ్రహించాము.

సూరత్‌లో మేము వాహన విభాగం చూస్తున్న రోజులలో ఒక పాత ట్రక్కు షెడ్డుకు వచ్చింది. రివర్స్ గేరు వేయబోతే కరకరమనే శబ్దం. దాని డ్రైవరు లింబాయత్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబానికి చెందిన యువకుడు. “సార్, ఒక్కసారి తొక్కితే గేరు పడటం లేదు. వెంటవెంటనే మూడుసార్లు తొక్కితే పడుతోంది” అన్నాడు. మేము ఆ మాటను లక్ష్యపెట్టలేదు. పెడల్‌పై కాలు ఆనించి నడుపుతూ ప్లేటు కాల్చివేశాడని తీర్మానించి గేర్‌బాక్సు దింపించాము. రెండు రోజుల శ్రమ తరువాత చూస్తే ప్లేటు చక్కగా ఉంది! లోపమంతా మాస్టర్ సిలిండర్‌లో అరిగిన ఒక చిన్న రబ్బరు సీలుది.

నిజానికి ఆ యువకుడు చెప్పిన మాటలోనే రోగనిర్ణయం ఉంది. పెడల్ తొక్కినపుడు మాస్టర్ సిలిండర్ నుండి ఆయిలు గొట్టం ద్వారా స్లేవ్ సిలిండర్‌కు చేరి, దాని కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ ఫోర్కును, ఫోర్కు రిలీజ్ బేరింగును కదపగా ప్రెషర్ ప్లేటు పట్టు సడలుతుంది. పలుమార్లు తొక్కితే గేరు పడుతున్నదంటే ఆయిలు పీడనం చాలడం లేదన్నమాట. అరిగిన ప్లేటు ఎన్నిసార్లు తొక్కినా బాగుపడదు కదా!

కావున పరీక్ష ఈ వరుసలో సాగాలి. మొదట ఆయిలు మట్టం చూడాలి. తగ్గి ఉంటే క్యాబిన్‌లో పెడల్ వెనుక, క్రింద స్లేవ్ సిలిండర్ వద్ద, గొట్టాల కీళ్ళ వద్ద తడి వెదకాలి. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే లోపల గాలి చేరినట్లు అనుమానించాలి. తొక్కి ఉంచిన పెడల్ మెల్లగా క్రుంగిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ సీలును శంకించాలి.

తరువాత ఇంజను ఆపి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు స్లేవ్ కడ్డీని గమనించాలి. కడ్డీ తగినంత జరగకపోతే లోపం ఆయిలు మార్గంలో ఉన్నట్లు. పూర్తిగా జరిగినా గేరు పడకపోతే అపుడు మాత్రమే ఫోర్కు, ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటులను అనుమానించాలి.

ఇంజను వేగం పెరిగినా బరువుతో బండి ముందుకు సాగకపోతే క్లచ్ జారుతున్నట్లు. ప్లేటు అరగడం, దానికి నూనె అంటుకోవడం, పెడల్‌కు ఉండవలసిన వదులు లేకపోవడం ఇందుకు కారణాలు. ఈ వదులును సరిచూడటం క్షణాల పని. న్యూట్రల్‌లో పెడల్ తొక్కినపుడు శబ్దం మొదలైతే సాధారణంగా రిలీజ్ బేరింగు, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు కారణం.

చాలా ట్రక్కుల క్లచ్‌లో వాడే బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సూరత్ వంటి తేమగల తీర ప్రాంతంలో ఈ సంగతి మరువరాదు. తేమ చేరితే సిలిండరు లోపలి గోడ తుప్పు పట్టి సీళ్ళను కోసివేస్తుంది. తయారీదారు సూచించిన గడువుకు, సూచించిన రకం ఆయిలునే మార్చాలి. పొరపాటున ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఆ డ్రైవరుపై సిద్ధం చేసిన నివేదికను మేము చించివేసి, అతనిని పిలిచి తప్పు మాదేనని చెప్పాము. అతడు నవ్వి, “బండి బాగైంది కదా సార్” అన్నాడు. ఆనాటి నుండి మా షెడ్డులో జాబ్ కార్డు మొదటి గడిలో డ్రైవరు చెప్పిన మాటను యథాతథంగా వ్రాయించాము. పానా చేత పట్టేది ఆ తరువాతనే.