జేబులో వేగు

ఆటోలో వెళ్తున్నారు. గుంత వచ్చింది. ఎగిరిపడ్డారు. రోడ్లేసిన వాళ్లని నాలుగు తిట్టి ఊరుకున్నారు. మీ జేబులోని సెల్‌ఫోన్ మాత్రం ఊరుకోనక్కర్లేదు. ఆ కుదుపు ఎంతో, ఎక్కడో రాసిపెట్టుకోగలదు!

బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2008లోనే ఆ పని చేసి చూపించారు. దాని పేరు 'నెరిసెల్'. ఫోనుకు జతచేసిన యాక్సెలరోమీటర్ గుంతల్నీ సడన్ బ్రేకుల్నీ పసిగడుతుంది. మైకు హారన్ల మోత వింటుంది. మన ట్రాఫిక్‌ని కొలవాలంటే బండ్ల వేగం ఒక్కటే చాలదు కదా మరి! అయితే ఓ చిక్కొచ్చింది. ఫోను జేబులో నిలువుగా ఉందో తలకిందులుగా ఉందో ఎవరికి తెలుసు? అందుకే భూమి ఎటు లాగుతోందో చూసి 'కింద' ఏదో తేల్చుకుంటుంది. బ్రేకు పడ్డప్పుడు 'ముందు' ఏదో గ్రహిస్తుంది.

గుంతల్ని గుర్తించే ఆ యాక్సెలరోమీటరే ఇప్పుడు భూకంపాల్నీ పట్టేస్తోంది. గూగుల్ 2020లో మొదలుపెట్టి, 2023లో మన దేశానికీ తెచ్చింది. ఛార్జింగ్‌లో కదలకుండా ఉన్న ఒక్క ఫోను ఊగితే, ఎవరో బల్లని తన్నారనుకోవచ్చు. ఒకే ప్రాంతంలో బోలెడు ఫోన్లు ఒకేసారి ఊగితే? ప్రకంపనల కన్నా ముందే దూరంగా ఉన్నవాళ్ల ఫోన్లు మోగుతాయి. దక్కేది కొన్ని క్షణాలే. మంచం దిగి బల్ల కిందికి దూరడానికి అవే చాలు.

ప్రతిసారీ దక్కుతాయా అంటే... 2023 ఫిబ్రవరి 6, టర్కీ. తెల్లవారుజామున ఊళ్లన్నీ నిద్రలో ఉండగా 7.8 తీవ్రతతో భూమి కంపించింది. ఫోన్ల లెక్కలో అది 5 కన్నా తక్కువే! నిద్రలేపేంత గట్టిగా మోగే హెచ్చరిక దాదాపు కోటిమందికి వెళ్లాల్సింది, 469 మాత్రమే వెళ్లాయి. టర్కీ, సిరియాల్లో 50 వేల మందికి పైగా చనిపోయారు. లెక్కగట్టే పద్ధతిలో లోపముందని 2025లో గూగుల్ ఒప్పుకుంది, సరిదిద్దామంది.

ఇంతకీ ఇలా ఊళ్లను గమనించే ఫోను మనల్ని వదిలిపెడుతుందా? ఓ ఐరోపా దేశంలో 15 లక్షల మంది ఫోన్లు 15 నెలలపాటు ఏ టవర్ల కింద తిరిగాయో పరిశోధకులు చూశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. పేర్లూ నంబర్లూ తీసేసినా సరే, ఏ వేళకి ఎక్కడున్నారో నాలుగుసార్లు తెలిస్తే నూటికి 95 మందిని ఆ గుంపులోంచి విడిగా ఏరేయొచ్చట.

రాత్రి ఇల్లు, పగలు ఆఫీసు... రెండు అప్పుడే అయిపోయాయి!