మూత్రపిండాలు: మనకు అప్పగించిన అమానత్

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అందులో పిడికిలంత ఉండే మూత్రపిండాలు ఒక జత. ఒక్కోదానిలో సుమారు 10 లక్షల సన్నని వడపోతలుంటాయి. ఇవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర మాత్రమే మూత్రంగా వదులుతాయి.

షుగర్, బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఈ వడపోతలు దెబ్బతింటాయి. డాక్టరును అడగకుండా రోజూ మింగే నొప్పి మాత్రలూ హాని చేస్తాయి. చాలా భాగం చెడిపోయేదాకా బాధ తెలియదు. కాళ్ల వాపు, ఆయాసం వచ్చేసరికి తరచూ ఆలస్యమైపోతుంది. ఆపైన సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలిసిస్. వైద్యం ఉచితంగా దొరికినా దారి ఖర్చులు, పోయిన కూలి ఆ ఇంటిమీదే పడతాయి.

అలాంటి పేద కుటుంబాలకు మీ జకాత్ చేరవేస్తున్నాం. జబ్బును ముందే పసిగట్టడానికి మీ సదఖా కోరుతున్నాం. షుగర్, బీపీ ఉన్నవారికి ఏడాదికోసారి మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చాలు. కిడ్నీ జబ్బున్నవారు రంజాన్ ఉపవాసాలకు ముందు డాక్టరును కలవాలి. రోగులకు ఖుర్ఆన్ సడలింపునిచ్చింది. దాతలారా, మీ ఇంట్లోనూ ఈ పరీక్ష చేయించండి.