5.4 బాక్టీరియాపై పెప్టైడ్ ఔషధాలు: త్వచాన్ని ఎంచుకోవడంలోని చిక్కు

పెన్సిలిన్ వంటి మందులను బాక్టీరియా తన ఎంజైములతో ఎలా విచ్ఛిన్నం చేస్తుందో గత భాగంలో చదివారు. మందు అంటుకునే ప్రోటీన్ ఒక్కటి మారినా నిరోధకత వస్తుంది. కణత్వచం సంగతి వేరు. దాని నిర్మాణాన్నంతా మార్చుకోవడం బాక్టీరియాకు అంత తేలిక కాదు (అసాధ్యమని మాత్రం అనుకోకండి). అందుకే త్వచాన్ని దెబ్బతీసే పెప్టైడ్‌లపై శాస్త్రవేత్తల దృష్టి పడింది.

ఇందుకు మంచి ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి నాగోలు వైపు వెళితే హబ్సిగూడ వస్తుంది, సి.సి.ఎం.బి. అక్కడికి దగ్గరే. ఆ సంస్థకు చెందిన ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ఆబోతు వీర్యద్రవంలోని సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రోటీన్ బాక్టీరియాను అరికడుతుందని 1979లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. 1990లో ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ ఆ ప్రోటీన్‌లోని 13 అమైనో ఆమ్లాల ముక్కను మాత్రమే కృత్రిమంగా తయారుచేసి పరీక్షించారు. అది బాక్టీరియాపై పనిచేసింది. కానీ ఎర్రరక్తకణాలను కూడా పగలగొట్టింది.

అసలు చిక్కు ఇదే. బాక్టీరియా త్వచం వెలుపలి పొరలో రుణావేశం ఎక్కువ. మన ఎర్రరక్తకణం వెలుపలి పొర దాదాపు తటస్థం, పైగా అందులో కొలెస్టరాల్ ఉంటుంది. కాబట్టి పెప్టైడ్‌కు ధనావేశం ఉంటే అది ముందుగా బాక్టీరియా వైపే ఆకర్షితమవుతుంది. త్వచంలోకి దూరడానికి మాత్రం నీటిని ఇష్టపడని లూసిన్ వంటి ఆమ్లాలు కావాలి. అవి మితిమీరితే పెప్టైడ్‌కు మన కణమూ ఒకటే, బాక్టీరియా కణమూ ఒకటే. పై 13 ఆమ్లాల గొలుసులో ఐదవది గ్లుటామిక్ ఆమ్లం. దాని స్థానంలో లైసిన్ పెడితే మొత్తం ఆవేశం రెండు ప్రమాణాలు ధనాత్మకంగా మారుతుంది. ఇటువంటి మార్పులు ఒక్కొక్కటిగా చేసి చూడడమే రూపకల్పన. ఓపిక కావాల్సిన పని.

మరో అడ్డంకి మన శరీరంలోని ప్రోటియేజ్‌లు. అవి పెప్టైడ్‌లను కత్తిరించేస్తాయి. అద్దంలో ప్రతిబింబం వంటి డి-అమైనో ఆమ్లాలు వాడితే వాటి కత్తెర అంతగా సాగదు.

చంపకుండా నిరాయుధం చేసే మార్గమూ ఉంది. పాలిమిక్సిన్-బి అణువు నుంచి కొవ్వు తోకను తొలగించగా వచ్చే నోనాపెప్టైడ్ తానుగా బాక్టీరియాను పెద్దగా చంపదు. కానీ గ్రామ్ రుణాత్మక బాక్టీరియా బయటి పొరను సడలించి, క్షయకు వాడే రిఫాంపిసిన్ వంటి మందులకు దారి ఇస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక పెప్టైడ్‌లో లైసిన్‌ల సంఖ్య మార్చకుండా లూసిన్‌లను పెంచితే ఎర్రరక్తకణాలకు ఏమవుతుంది? కారణంతో మూడు వాక్యాల్లో రాయండి.