తాతయ్య సన్నాయి... నా ల్యాప్‌టాప్ నాదస్వరం

మొన్న మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లి. చిలకలూరిపేట పక్కన ఊరు. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. ఒకే ముహూర్తానికి చుట్టుపక్కల బోలెడు పెళ్లిళ్లు పడ్డాయి. ఒప్పుకున్న మేళం వాళ్లు ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి రాలేమన్నారు. ‘నీ కంప్యూటర్లో సన్నాయి ఉందిగా, పెట్టెయ్‌రా’ అన్నాడు బాబాయి.

నేను కీబోర్డు ప్రోగ్రామింగ్ చేస్తుంటా. షార్ట్ ఫిల్ములకీ, రీల్స్‌కీ ట్రాకులు కడుతుంటా. రాత్రికి రాత్రే సన్నాయి, డోలు అన్నీ సాఫ్ట్‌వేర్‌లో సిద్ధం చేశా. పంతులుగారు ‘గట్టిమేళం’ అనగానే స్పేస్ బార్ నొక్కా. స్పీకర్లు అదిరిపోయాయి. అందరూ భలే ఉందన్నారు.

ముందు వరసలో తాతయ్య ఉన్నాడు. నలభై ఏళ్లు పెళ్లిళ్లలో సన్నాయి వాయించిన మనిషి. పెళ్లికూతురు ఆయనకి సొంత మనవరాలు. అక్కడ ఏమీ అనలేదు. భోజనాల దగ్గర మాత్రం నెమ్మదిగా అడిగాడు: ‘ఒరేయ్, నీ సన్నాయివాడు ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటాడ్రా?’

నిజమే. నా ట్రాకులో ఎక్కడా ఊపిరి లేదు. ఏడు నిమిషాలు ఆగకుండా వాయించేశాడు నా ‘సన్నాయివాడు’. ఆ ప్రశ్న పట్టుకునే అసలు కంప్యూటర్‌కి పాట ఎవరు నేర్పారో వెతకడం మొదలెట్టా.

కూత పెట్టిన కంప్యూటర్

1951. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఫెరాంటీ మార్క్ 1 అని గదంత కంప్యూటర్. పని ఎంతవరకు వచ్చిందో తెలియడానికి దానికో చిన్న స్పీకర్ ఉండేది, ‘కుయ్’మనడానికి అన్నమాట. క్రిస్టఫర్ స్ట్రేచీ అనే స్కూలు మాస్టారు ఆ కూతల్నే స్వరాలుగా పేర్చి బ్రిటిష్ జాతీయగీతం వాయించేలా ప్రోగ్రాం రాశారు. బీబీసీ వాళ్లు రికార్డు కూడా చేశారు. తమాషా ఏంటంటే, రికార్డింగ్ స్పీడులో తేడా వల్ల అందులో శ్రుతి తప్పింది. దాన్ని 2016లో న్యూజిలాండ్ పరిశోధకులు సరిచేశారు. దాదాపు అదే సమయంలో ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఏసీ అనే కంప్యూటర్ కూడా పాటలు కూసింది.

కానీ అవన్నీ కూతలే. కంప్యూటర్ చేత నిజంగా నాదం పుట్టించింది మాక్స్ మాథ్యూస్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీరు. ఆయన వయొలిన్ కూడా వాయించేవారు. 1957లో ఐబీఎం 704 కంప్యూటర్ మీద ‘మ్యూజిక్’ అనే ప్రోగ్రాం రాశారు. ఆలోచన సింపుల్: ఏ శబ్దాన్నైనా సెకనుకి కొన్ని వేల అంకెలుగా రాయొచ్చు, ఆ అంకెల్ని మళ్లీ శబ్దంగా మార్చొచ్చు. ఆ ప్రోగ్రాంతో వచ్చిన మొదటి పాట 17 సెకన్లు. ఇప్పుడు మీ ఇయర్‌బడ్స్‌లో మోగేదీ ఆ సూత్రమే. సీడీ క్వాలిటీ పాటైతే సెకనుకి 44,100 అంకెలు.

1961లో బెల్ ల్యాబ్స్‌లోనే కంప్యూటర్ మనిషి గొంతుతో ‘డైసీ బెల్’ పాడింది. పాడించింది జాన్ కెల్లీ, కరోల్ లాక్‌బామ్. వెనక వాద్యం మాథ్యూస్‌ది.

స్టాన్‌ఫర్డ్ నుంచి చెన్నైకి

తర్వాతి మలుపు నాకు మరీ నచ్చింది. 1967లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ ఒక స్వరాన్ని కంప్యూటర్లో పైకీ కిందకీ ఊపుతున్నారు. ఊపు వేగం పెంచుకుంటూ పోతే ఒక దశ దాటాక ఊపు వినపడటం మానేసింది. నాదమే కొత్తగా మారిపోయింది! గంట, ఇత్తడి వాద్యం, ఏది కావాలంటే అది. దాన్నే ఎఫ్ఎం సింథసిస్ అన్నారు. యమహా కంపెనీ ఆ హక్కులు తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డు తెచ్చింది. అదే ఏడాది వేర్వేరు కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ‘మిడి’ భాష కూడా వచ్చింది.

అక్కణ్నుంచి మన దగ్గరికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1986లో ఇళయరాజా తమిళ సినిమా ‘పున్నగై మన్నన్’ పాటలకి కంప్యూటర్ సీక్వెన్సర్ వాడారు. తెలుగులో అది ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. ఆ మిషను ముందు కూర్చున్న కుర్రాడి పేరు దిలీప్, వయసు 19. మన రాజ్-కోటి దగ్గర కూడా కీబోర్డు వాయించాడు. తర్వాత ఆయనే ఏఆర్ రెహమాన్ అయ్యారు.

గమకం దగ్గర చిక్కు

మళ్లీ తాతయ్య ప్రశ్నకి వద్దాం. మా చిలకలూరిపేట, ఒంగోలు వైపు నాదస్వరానికి పెట్టింది పేరు. పద్మశ్రీ షేక్ చినమౌలానాది ఒంగోలు దగ్గర కరవది. ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2021లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల సన్నాయికి మీటలు ఉండవు. రంధ్రాన్ని వేలితో సగం మూసి, ఊపిరి బిగించి, వదిలి స్వరాన్ని జారుస్తారు. అదే గమకం.

మిడిలో ఉన్నవి 128 స్వరాలు. దేనికదే మెట్టు. మధ్యలో జారడానికి పిచ్ బెండ్ అని ఒక చక్రం ఉంటుంది. అందులో 16,384 చిన్న మెట్లు. అంటే చోటుకి లోటు లేదు. ఎప్పుడు జారాలి, ఎంతసేపు నిలవాలి, ఎక్కడ ఆగాలి... అది చెప్పే మనిషి కావాలి.

మాథ్యూస్‌ని కూడా ఇదే వేధించినట్టుంది. 1980లలో ఆయన ‘రేడియో బాటన్’ తయారుచేశారు. రెండు పుల్లలు పట్టుకుని గాల్లో ఆడిస్తే, ఆ చేతి వేగానికి తగ్గట్టు కంప్యూటర్ వాయిస్తుంది. అంకెలతో మొదలుపెట్టిన మనిషి మళ్లీ చేతి దగ్గరికే వచ్చాడు.

తాతయ్యని పక్కన కూర్చోబెట్టుకుని ట్రాకు మళ్లీ మొదలెట్టా. ‘ఇక్కడ ఆగు. ఇక్కడ రిషభం మీద వెంటనే దిగకు, కాస్త వేలాడు’ అని ఆయన చెబుతుంటే మౌస్‌తో గీతలు గీశా. నలభై సెకన్ల సన్నాయికి నాలుగు రోజులు పట్టింది. విని, ‘ఇప్పుడు మనిషిలా ఉన్నాడు. ఇంకా నేర్చుకోవాలి’ అన్నాడు.

మర్నాడు అటక మీద నుంచి సన్నాయి దింపించుకున్నాడు. దమ్ము సరిపోక రెండు నిమిషాలకే ఆపేశాడు. ఆ రెండు నిమిషాలూ ఫోన్‌లో రికార్డు చేశా, దగ్గుతో సహా. ఎడిట్ చెయ్యలేదు.

వచ్చే నెల పక్కూళ్లో ఇంకో పెళ్లి. అప్పుడే ట్రాకు అడిగారు. ముందు మేళం వాళ్ల నంబరిచ్చా. వాళ్లు దొరక్కపోతేనే స్పేస్ బార్.