"ఎందుకు కొట్టినావు?" అంటే "ఊరికే" అంటాడు

పోయిన నెల మధ్యాహ్న భోజనం వేళ ఏడో తరగతి పిల్లలిద్దరు కలబడ్డారు. ఒకడి చొక్కా చినిగింది, ఇంకొకడి పెదవి చిట్లింది. పేర్లు ఇక్కడ అక్కర్లేదు. కొట్టినవాణ్ణి పిలిచి "ఎందుకురా కొట్టినావు?" అంటే "ఊరికే సార్" అన్నాడు. పది నిమిషాలు ఏమీ అడక్కుండా పక్కన కూర్చోబెట్టుకుంటే అప్పుడు బయటికొచ్చింది: "నన్ను చూసి నగినాడు సార్." రెండోవాడు నవ్విన మాట నిజమే. కానీ వాడు నవ్వింది వీణ్ణి చూసి కాదు. వీడి వెనకాల ఒక కుక్క ఎవరిదో టిఫిన్ డబ్బా మూత నోట కరుచుకుని పరిగెత్తుతుంటే చూసి నవ్వాడు.

ఇది మన బడిలోనే జరిగే వింత కాదు. అమెరికాలో కెన్నెత్ డాడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో ఇలాంటిదే ఒక పరిశోధన ప్రచురించాడు. మగపిల్లలు కష్టపడి పేరుస్తున్న బొమ్మ ముక్కల్ని ఇంకో పిల్లవాడు చెదరగొట్టినట్టు వాళ్లకు తెలిసేలా చేశాడు. కావాలని చేశాడని స్పష్టంగా తెలిస్తే అందరికీ కోపం వచ్చింది. పొరపాటున జరిగిందని తెలిస్తే దుడుకు పిల్లలు కూడా తగ్గారు. తేడా వచ్చిందల్లా కావాలనో పొరపాటునో తెలియని చోట. అక్కడ మామూలు పిల్లలు పోనీలే అనుకున్నారు, దుడుకు పిల్లలు మాత్రం "కావాలనే చేశాడు" అన్నట్టు ప్రవర్తించారు. అంటే చెయ్యి లేవడానికి ముందే ఎదుటివాడి మనసు చదవడంలో తప్పు జరుగుతోంది.

ఈ చదవడాన్నే భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నారు. ఆ పేరుతో 1990లో పీటర్ సాలవీ, జాన్ మేయర్ ఒక వ్యాసం రాశారు. 1995లో డేనియల్ గోల్మన్ పుస్తకం వచ్చాక అది లోకమంతా పాకింది. తన మనసులో ఏముందో తెలుసుకోవడం, ఎదుటివాళ్ల మనసు పోల్చుకోవడం, పొంగుకొచ్చినదాన్ని కాస్త పట్టి ఉంచడం, స్థూలంగా ఇంతే. మన ముసలివాళ్లు దీనికి పేరు పెట్టలేదు గానీ పని మాత్రం చేసేవాళ్లు.

ఎలాగంటారా? కోపానికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. ఆటలో ఓడినవాడిది ఉడుకుమోతుతనం. తిరిగి ఏమీ అనలేక లోపల కుతకుతలాడితే ఉక్రోషం. నలుగురిలో మాట పడితే పుట్టేది రోషం. అమ్మ తమ్ముణ్ణి ముందు ఎత్తుకుంటే అలక, అది కోపంలా కనిపిస్తుంది గానీ బుజ్జగించమని అడగడమే. పక్కవాడికి కొత్త సైకిల్ వస్తే అక్కసు. ఎప్పటికైనా బదులు తీర్చుకోవాలని దాచుకుంటే కసి. ఇవి ఒక్కటి కావు, వీటికి మందూ ఒక్కటి కాదు. అలిగినవాణ్ణి దగ్గరికి తీసుకోవాలి, ఉడుక్కున్నవాణ్ణి కాసేపు వదిలెయ్యాలి, రోషం వచ్చినవాడికి పోయిన పరువు తిరిగి దక్కే దారి చూపాలి. మన పిల్లవాడు "ఊరికే" అన్నది అబద్ధమని నేననుకోను. వాడి దగ్గర మాట లేదు, అంతే.

ఇళ్లలో ఇప్పుడు ఈ మాటలన్నీ పోయి "టెన్షన్" అనే ఒక్క మాట మిగిలింది. పరీక్షకీ టెన్షనే, తమ్ముడికీ టెన్షనే. పైగా మన పిల్లల సంగతి ఇంకొంచెం చిక్కు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కొందరికి కన్నడం, లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో. 2006 చట్టం తర్వాత బడిలో తమిళం నేర్వడం తప్పనిసరి అయింది, ఉన్న ఊరి భాష రావడం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పోట్లాట మాటలు సినిమాల నుంచి తమిళంలో ఇట్టే వచ్చేస్తాయి. నొప్పి చెప్పుకునే మాటలు అవ్వ దగ్గర తెలుగులోనే రావాలి. అవ్వ దగ్గర కూర్చునే తీరిక పిల్లలకు లేదు.

పేరు పెట్టినంత మాత్రాన ఏమవుతుంది అని ఒక నాన్నగారు అడిగారు. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చేసిన ప్రయోగంలో, ముఖాల బొమ్మలు చూస్తూ ఆ ముఖంలోని భావానికి పేరు చెప్పినప్పుడు మెదడులో భయాన్నీ అపాయాన్నీ పసిగట్టే అమిగ్డలా అనే భాగం హడావుడి తగ్గింది. అది పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగం, పిల్లల కొట్లాటకు నేరుగా రుజువు కాదు. అయినా తరగతిలో రోజూ చూసేదానికి అది సరిపోతోంది.

పసిపిల్లల సంగతి చూసినా ఇదే. కొట్టడం, కొరకడం ఎక్కువగా ఉండేది రెండు మూడేళ్ల వయసులో. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించి చెప్పింది, చాలామంది పిల్లల్లో అది బడి వయసు వచ్చేసరికి తగ్గిపోతుందని. కొట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, మానుకోవడమే నేర్పాలి. పదమూడు పద్నాలుగేళ్లకు మళ్లీ ఉడుకెక్కువ. ఆపుకునే పని చూసే మెదడు ముందుభాగం పూర్తిగా ముదిరేది ఇరవై దాటాక గదా.

అందరూ ఇలాంటివాళ్లు కారు. కొందరు పిల్లలు ఎదుటివాడి మనసు చక్కగా చదువుతారు. ఎక్కడ గిల్లితే ఏడుస్తాడో తెలిసే గిల్లుతారు. చల్లగా, కోపం లేకుండా, ఒక్కణ్ణే పట్టుకుని మళ్లీ మళ్లీ ఏడిపిస్తారు. నార్వేలో డాన్ ఓల్వెయస్ బడుల్లోని వేధింపును విడదీసి చెప్పింది ఈ గుర్తులతోనే: కావాలని చేయడం, పదే పదే చేయడం, బలం సమంగా లేకపోవడం. ఇక్కడ మాటలు నేర్పితే చాలదు. కళ్లు పెట్టి కాపలా కాయాలి, చేసినదానికి తగిన ఫలితం ఉండాలి, ముందు బాధపడినవాణ్ణి కాపాడాలి. ఇద్దర్నీ నిలబెట్టి "చేతులు కలపండి" అనడం ఇలాంటి చోట అన్యాయం.

ఇక దెబ్బల సంగతి. నేనూ ఒకప్పుడు బెత్తం పట్టినవాణ్ణే, దాచను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం కోసం మానినా, తర్వాత అర్థమైంది. "వాణ్ణి కొట్టినావా?" అంటూ మనం కొడితే పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే, పెద్దవాడికి కొట్టే హక్కుందని.

ఇంట్లో మీరు చేయగలిగింది చిన్నదే. కోపం మీదున్నప్పుడు విచారణ వద్దు. నీళ్లివ్వండి, కూర్చోనివ్వండి. చల్లబడ్డాక "ఎందుకు చేసినావు?" అనొద్దు, అది పోలీసు ప్రశ్న. "ఏమైంది, మొదట్నుంచి చెప్పు" అనండి. ఆ తర్వాత "వాడు నవ్వడానికి ఇంకేమైనా కారణం ఉందేమో?" అని అడగండి. మీ కోపానికి కూడా పేరు చెప్పండి: "ఆఫీసులో మాట పడ్డాను, ఆ ఉక్రోషం నీ మీద చూపించాను నాయనా." ఈ ఒక్కటే అన్నిటికంటే కష్టం.

పిల్లల తీరు ఉన్నట్టుండి మారి వారాల తరబడి అలాగే ఉన్నా, మూగజీవాల్ని హింసిస్తున్నా, చచ్చిపోతానని అన్నా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పిల్లలు తామే పిలవగల నంబరు 1098. శనివారాలు బడి వదిలాక నేను స్టాఫ్ రూములోనే ఉంటాను. తల్లిదండ్రులు రావచ్చు, ఏ భాషలోనైనా మాట్లాడవచ్చు.